సిరిగేరి నుంచి వచ్చిన జుట్టు ఉండ

2022 ఫిబ్రవరి. బళ్ళారి కంటోన్మెంట్‌లో ఒక చర్మవ్యాధుల క్లినిక్. అందులో మందుల కౌంటరు నాది. డి.ఫార్మ్ పూర్తయ్యి అక్కడ చేరి అప్పటికి ఎనిమిది నెలలు. డాక్టరుగారు ధారవాడ వైపు ఆవిడ. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడలేరు. అందుకని సిరుగుప్ప వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళకు చీటీ రాసిచ్చి, మందు వాడే పద్ధతి చెప్పడానికి నా దగ్గరికి పంపేవారు. మా ఇల్లు బజారులో బట్టల అంగడి వెనకాల. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాబట్టి ఆ పని నాకు వచ్చింది.

మా వృత్తిలో దాన్ని కౌన్సెలింగ్ అంటారు. మందు ఇవ్వడం సగం పని. అది ఎట్లా వాడాలో, ఎన్నాళ్ళకు పనిచేస్తుందో, మధ్యలో ఏం జరిగితే భయపడనక్కరలేదో చెప్పడం మిగతా సగం. ఆ మిగతా సగంలో నాకు సున్నా మార్కులే. మందు డబ్బాలో మడిచి పెట్టే సన్న అక్షరాల కాగితాన్ని చివరి దాకా చదివేదాన్ని. ఇంటికి పోయి లావు ఫార్మకాలజీ పుస్తకంలో మళ్ళీ చూసుకొని డైరీలో రాసుకునేదాన్ని. ఎదురుగా మనిషి నిలబడితే మాత్రం కౌంటరు మీది స్టేప్లర్‌ను చూస్తూ, "రెండు పూటలా రాయండి, మూడు నెలలకు రండి" అని ముగించేదాన్ని.

హనుమక్క వచ్చింది ఆ రోజుల్లోనే. సిరిగేరి ఆమెది. ముప్పై ఎనిమిదేళ్ళు. వరినాట్ల కాలంలో నలభైమంది ఆడవాళ్ళ గుంపుకు ఆమే ముందు. ఏ రైతు పొలానికి ఎవరు పోవాలో ఆమె చెప్పిందే మాట. అంత మనిషీ క్లినిక్‌లో ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకొని, గోడ వైపు తిరిగి కూర్చుంది. పక్కన ఆమె అత్త ఈరమ్మ. అరవై దాటిన మనిషి. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది.

తువ్వాలు తీస్తే నడినెత్తిన పాపట చిటికెనవేలంత వెడల్పుగా ఉంది. చుట్టూ ఉన్న వెంట్రుకలు పీచులాగా సన్నబడ్డాయి. డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించారు. ఇనుము, థైరాయిడ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆడవాళ్ళలో నడినెత్తి పలచబడే మామూలు రకం ఇది అని తేల్చి, మినాక్సిడిల్ ద్రావణం రాశారు. ఫోటోలు తీయడం నా పని. ఫోనుకు తగిలించే డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దం ఉంటుంది. దాన్ని నెత్తికి ఆనించి తీస్తే ఒక్కొక్క వెంట్రుక మొదలూ తాడంత లావుగా కనిపిస్తుంది.

"మందు రాస్తే వస్తాదా పాపా?" అని హనుమక్క మెల్లగా అడిగింది.

"రాయండి, మూడు నెలలకు రండి" అన్నాను.

"వస్తాదా అంటే రాయమంటాది. రాస్తే రమ్మంటాది" అని ఈరమ్మ నవ్వింది. "ఇంత ఖర్చెందుకమ్మే? కెంచనగుడ్డ గుడికి పోయి, యేట్లో మునిగి నున్నగ గుండు గీయించుకుంటే ఒత్తుగ వస్తాది. మా కాలంలో ఇదే ఔషధి."

హనుమక్క తువ్వాలు గట్టిగా బిగించుకుంది. "గుండుతో నలభైమంది ముందర ఎట్ల నిలబడాల్నత్తా? బతికుండంగనే పోయినట్లుంటాది" అంది.

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. గుండు గీస్తే వెంట్రుక లావు కాదు, కత్తి తగిలేది బయట ఉన్న చచ్చిన భాగానికే, చర్మం లోపల దాన్ని తయారుచేసే కుదురుకు కత్తి సంగతే తెలియదు అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంటికొచ్చి డైరీలో మాత్రం పేజీన్నర రాశాను.

మే నెలలో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఫోటో తీద్దామని భూతద్దం నెత్తికి ఆనించాను. తెరమీద అంతా మసక. తీసి చూస్తే అద్దానికి జిడ్డు. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే ఆముదం వాసన.

"అక్కా, తలకు నూనె పెడతావా?"

"పెట్టకుండా ఎట్ల? పొద్దున లేస్తూనే నూనె పెట్టి, దానిమీద నీ మందు చుక్కలేసి బాగ మర్దన చేస్తాండా. ఒక్క దినం తప్పలేదు."

మూడు నెలలూ అంతే. మినాక్సిడిల్ ద్రావణం నీళ్ళూ స్పిరిటూ కలిసినది. నూనె పట్టిన చర్మం మీద అది జారిపోతుంది, లోపలికి దిగదు. పొడిగా ఉన్న నెత్తి మీద పాపటలు తీసి, చర్మానికే తగిలేట్లు రాయాలి. ఆ మాట కాగితంలో ఉంది. నా డైరీలో ఉంది. హనుమక్కకు మాత్రం చెప్పలేదు. ఆమె ఊర్లో ఆడవాళ్ళు ఎండుతలతో తిరిగేది ఇంట్లో ఎవరైనా పోయిన దినాల్లోనే అని తెలిసి కూడా నేను అడగలేదు.

"తప్పు నాది" అన్నాను. కౌంటరు వెనక నిలబడి అన్న మొదటి పెద్ద మాట అదే.

నూనె మానమంటే ఈరమ్మ ఒప్పుకోలేదు. "ఎండుతల ఏసుకొని నా ఇంట్లో తిరిగితే ఊరు ఏమంటాది? నేను సచ్చినానని అనుకుంటారు." నేను కాసేపు ఆలోచించి, చెవుల కిందినుంచి జడకు నూనె పెట్టుకోవచ్చు, నడినెత్తికి మాత్రం వద్దు అన్నాను. శనివారం ఒక్కరోజు తలంతా పెట్టుకొని ఆదివారం స్నానం చేసి, నెత్తి ఆరినాక మళ్ళీ మందు. లోపలికి పోయి డాక్టరుగారిని అడిగితే తల ఊపారు.

"అంటే పైపొలం నీది, కిందిపొలం నాది" అంది ఈరమ్మ. "సరే. శ్రావణం దాకా చూస్తా. అప్పటికీ రాల్యా అంటే కెంచనగుడ్డే."

రెండు నెలలు. అంతే గడువు. ఈ మందుకు నాలుగు నెలలైనా కావాలి. ఆ మాట గుమ్మం దాటుతున్న ఈరమ్మ వీపుకు చెప్పాను. వినిపించిందో లేదో తెలియదు.

ఇక్కడ ఆ మందు చేసే పని కొంచెం చెప్పాలి. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు మాత్రగా వచ్చింది. మింగినవాళ్ళకు అనుకోకుండా ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి, తలకు రాసే ద్రావణం చేశారు. సీసాలో ఉన్నంతసేపు అది నిద్రపోతున్న మందు. చర్మంలోకి దిగాక వెంట్రుక కుదురులో, అంటే ఫాలికల్‌లో, సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ దాన్ని సల్ఫేటుగా మారుస్తుంది. అప్పుడే అది పనిలోకి వస్తుంది. ఆ ఎంజైమ్ కొందరిలో మెండుగా ఉంటుంది, కొందరిలో తక్కువ. తక్కువ ఉన్నవాళ్ళు ఎన్ని సీసాలు రాసినా ఫలితం అంతంతే.

మేల్కొన్న మందు కణాల పొరలోని పొటాషియం ఛానల్స్ అనే సన్నని ద్వారాలను తెరుస్తుంది. రక్తనాళాల కండరం సడలి కుదురు చుట్టూ రక్తం బాగా పారుతుంది. కుదురు అడుగున డెర్మల్ పాపిల్లా అని చిన్న కణాల ముద్ద ఉంటుంది. వెంట్రుక ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది అదే. దాని కణాలు రక్తనాళాలను పెంచే సంకేతాలను ఎక్కువగా పంపుతాయి. ఈ మార్గమంతా ఇంకా పూర్తిగా తేలలేదని పుస్తకాలే ఒప్పుకుంటాయి. కంటికి కనిపించే ఫలితం మాత్రం తెలుసు. వెంట్రుకకు పెరిగే దశ ఒకటి, దాన్ని అనాజెన్ అంటారు. ఆగి విశ్రాంతి తీసుకునే దశ ఒకటి, అది టెలోజెన్. మందు ఆ విశ్రాంతిని కుదించి, కుదుర్లను త్వరగా పెరిగే దశలోకి నెడుతుంది. లోపల కొత్త వెంట్రుక లేస్తే, కుదుర్లో ఊరికే నిలబడి ఉన్న పాత వెంట్రుక ఊడి రావాలి. అందుకే మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు కొందరిలో జుట్టు ముందుకన్నా ఎక్కువ రాలుతుంది. దాన్ని షెడ్డింగ్ అంటారు. ఇది ముందే చెప్పకపోతే నూటికి నూరు మందీ మందు పారేస్తారు.

మేలో నూనె సంగతి చెప్పాను. షెడ్డింగ్ సంగతి చెప్పలేదు. నూనె గొడవలో మరిచిపోయాను అని డైరీలో రాసుకున్నాను. మరుసటి రోజు ఆ వాక్యం కొట్టేసి, "మళ్ళీ భయపడ్డాను" అని రాశాను. హనుమక్క ఫోను నంబరు చీటీలో ఉంది. మూడుసార్లు ఫోను చేతిలోకి తీసుకొని పెట్టేశాను.

జూలై మధ్యలో ఒక పొద్దున. డాక్టరుగారు ఏదో సమావేశానికి బెంగళూరు పోయారు. క్లినిక్‌లో మందులు తీసుకుపోవడానికి వచ్చిన ఐదారుగురు మాత్రమే ఉన్నారు. తలుపు తోసుకొని ఈరమ్మ వచ్చింది. వెనకాల తువ్వాలుతో హనుమక్క. ఈరమ్మ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి కౌంటరు మీద కుమ్మరించింది. కొబ్బరికాయంత జుట్టు ఉండ.

మా వైపు ఆడవాళ్ళు తల దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకలను పారేయరు. వేలికి చుట్టి, ఒక కవరులో వేసి కొక్కేనికి తగిలిస్తారు. జుట్టుకు స్టీలు సామాన్లిచ్చే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు అది తూచి, గిన్నెనో గంటెనో ఇస్తాడు.

"చూడమ్మా మెడికల్ పాపా! ముందు దీని జుట్టుకు ఏడాదికొక చిన్న గిన్నె వస్తాండె. నీ మందు పుణ్యాన ఏడు వారాలకే బిందె వచ్చేట్లుండాది!"

కుర్చీల్లోంచి నవ్వులు వినిపించాయి. ఒకాయన, "ఇంకో నాలుగు వారాలు వాడవ్వా, డ్రమ్మే వస్తాది" అన్నాడు.

"నువ్వు సుమ్మనుండప్పా, నీ నెత్తిన గంటెకు సరిపడా కూడా ల్యా" అని ఈరమ్మ ఆయన నోరు మూయించింది. తర్వాత నావైపు తిరిగి, "ఇంక సాకు, చాలు. వచ్చే సోమవారం కెంచనగుడ్డకు పోతాండాం. మంగలికి చెప్పేసినా" అంది.

హనుమక్క కౌంటరు మీది ఉండను చూస్తూ నిలబడింది. తాను ఒక్కరోజూ తప్పకుండా నా మాట విన్నందుకు దొరికింది అది. ఆమె చూపులో కోపమున్నా బాగుండేది.

లోపలికి పోయి డాక్టరుగారికి ఫోను చేశాను. "ఊడిన వెంట్రుకల మొదళ్ళు చూడు, నెత్తి ఫోటో తీసి నాకు పంపు" అన్నారు కన్నడంలో. తర్వాత, "షెడ్డింగ్ అయితే మందు ఆపనీయకు. నువ్వే చెప్పు. అన్ని పుస్తకాలు చదువుతావు, ఎవరికోసం?" అని పెట్టేశారు.

ఉండలోంచి కొన్ని వెంట్రుకలు లాగి తెల్లకాగితం మీద పరిచి భూతద్దం పెట్టాను. పొడుగువే, నిండు వెంట్రుకలే. ఒక్కొక్కదాని మొదట్లో చిన్న తెల్లటి గుబ్బ. విశ్రాంతి దశ ముగించుకొని వచ్చిన వెంట్రుకకు ఉండే గుర్తు అది. తెగినవి కావు. ఫోటో తీసి డాక్టరుగారికి పంపాను. ఆ ఎంజైమ్ హనుమక్కలో ఉందో లేదో ఫిబ్రవరి నుంచి నాకు తెలియదు. మందు లోపలికి దిగి ఏ కుదురునూ కదిలించకపోతే ఏడో వారంలో ఇంత జుట్టు ఇట్లా వచ్చేది కాదేమో! ఈరమ్మ నామీద తెచ్చిన ఫిర్యాదే నాకు శుభవార్తలాగా కనిపించింది.

"అక్కా, తువ్వాలు తీస్తావా?"

ఆమె కౌంటరు మీదికి వంగితే నడినెత్తికి భూతద్దం ఆనించాను. ఈసారి అద్దానికి జిడ్డు అంటలేదు. తెరమీద చర్మం తేటగా కనిపించింది. పాత వెంట్రుకల మధ్య ఖాళీలో వడ్లగింజంత పొడుగున, నిటారుగా నల్లటి మొలకలు. ఒకటి, రెండు, ఐదు... కొంచెం పక్కకు జరిపితే మరో నాలుగు. ఆ ఫోటో కూడా పంపాను. నిమిషంలో డాక్టరుగారి జవాబు వచ్చింది, బొటనవేలు పైకెత్తిన బొమ్మ.

ఫోను తీసుకొని కౌంటరు ఇవతలికి వచ్చాను. పేషెంట్లు కూర్చునే వైపుకు పనివేళల్లో నేను రావడం అదే మొదలు.

"అవ్వా, ఇది చూడు. దీని చివర ఎట్లుండాది?"

ఈరమ్మ కళ్ళు చికిలించింది. "సూదిమాదిరి ఉండాది."

"తెగిన వెంట్రుకైతే చివర మొండిగ ఉంటాది. సూదిగ ఉంటే కొత్తగ పుట్టింది. ఫిబ్రవరి ఫోటో చూడు, ఇదే చోటు. ఒక్కటన్నా ఉందా?"

ఆమె రెండు ఫోటోలనూ మార్చి మార్చి చూసింది. నారుమడిలో మొలకను చూసే కళ్ళు అవి. పోలిక దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. అయినా ఒప్పుకోలేదు. "సరే, ఇవి వచ్చినాయి. మరి అంత జుట్టు యాటికి పోయినట్ల?"

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఐదు నెలలుగా డైరీకి చెప్పినదంతా చెప్పాను. "కాలువకు తూములుంటాయి గదా అవ్వా. మన ఒంట్లో ఒక్కొక్క కణానికి అట్లాంటివే కంటికి కనపడనంత చిన్న తూములుంటాయి. వెంట్రుక కుదుర్లలో చానా మటుకు మూసుకొని నిద్రపోతాండాయి. ఈ మందు ఆ తూములు తెరుస్తాది. కుదురుకు రక్తం పారుతాది. కుదురు లేస్తాది. అప్పుడు పాత వెంట్రుక..."

అక్కడ ఆగిపోయాను. పాత వెంట్రుక ఎందుకు రాలాలో తూముతో చెప్పడం నాకు రాలేదు. అందరూ నావైపే చూస్తున్నారు.

"అత్తా" అంది హనుమక్క. ఆ రోజు ఆమె నోరు తెరవడం అదే మొదలు. "మొన్న మన కాలువకు నీళ్ళు వదిలినారు గదా. మొదుట ఏమొచ్చె?"

ఈరమ్మ ఫోను మీది చూపు కోడలి వైపు తిప్పింది.

"చెత్తొచ్చె. ఎండిన కంపలు, ఆకులు, యాడాడి పుల్లలో వచ్చె. గట్టుమీద నిలబడి నువ్వే అంటివి, చెత్త వస్తాండాదంటే వెనకాల నీళ్ళు నిజంగ వస్తాండాయని. తేట నీళ్ళు రెండో దినం గదా వచ్చింది?" కౌంటరు మీది ఉండను చేత్తో పైకెత్తింది. "ఇది చెత్తత్తా. నీళ్ళు వెనకాల వస్తాండాయి."

ఇన్ని పుస్తకాలు చదివినా అంత సూటిగా చెప్పిన వాక్యం నాకు కనిపించలేదు.

ఈరమ్మ మళ్ళీ ఫోను వైపు వంగింది. "ఈ మొలకలు నిలబడతాయా?" అని అడిగింది. అది దబాయింపు కాదు, అడగడమే.

"నిలబడతాయని రాసియ్యలేనవ్వా. కానీ ఇప్పుడు గుండు గీయిస్తే లాభం ల్యా. గీయిస్తే జుట్టు లావు కాదు. రాలడం ఇంకో నెలలో తగ్గాల. తగ్గకుంటే నన్నే అడుగు. మందు మాత్రం ఆపకూడదు. మానేస్తే వచ్చిందీ పోతాది."

"వడ్లు ఇంటికొచ్చేదాకా చూస్తా" అంది. ఉండను కవరులో వేసుకొని, "మంగలికి ఏం చెప్పాల్నో ఏమో" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఈసారి గుమ్మం దాకా నేనూ పోయాను. ఆ తర్వాత రెండుసార్లు హనుమక్కకు ఫోను కూడా చేశాను. ఆగస్టు చివరికి రాలడం తగ్గిందని చెప్పింది.

డిసెంబరులో, కోతలయ్యాక, వాళ్ళు వచ్చారు. హనుమక్క తలమీద తువ్వాలు లేదు. జడలో కనకాంబరాలు. ఫిబ్రవరి ఫోటో, ఆ రోజు ఫోటో డాక్టరుగారు కంప్యూటరులో పక్కపక్కన పెట్టారు. చిటికెనవేలంత ఉన్న పాపట ఇప్పుడు పెన్సిలు గీతకన్నా కొంచెం లావు. పీచులాంటి వెంట్రుకలున్న చోట నిండు వెంట్రుకలు. ఇరవయ్యేళ్ళప్పటి జుట్టు కాదు గాని, తువ్వాలు అక్కరలేని జుట్టు. డాక్టరుగారు తెలుగులో "చానా బాగుంది" అన్నారు. ఆవిడ నోట విన్న మొదటి తెలుగు మాట అది. హనుమక్క తెరమీది తన నెత్తిని చూస్తూ, నవ్వుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఈసారి నాట్లకు తువ్వాలు లేకుండానే దిగినా పాపా" అంది. "చివరి వారం. నలభైమందీ చేతులాపి చూసినారు. ఏంది చూస్తాండారు, వంగండి అంటి."

ఈరమ్మ సంచిలోంచి ఒక చిన్న స్టీలు గిన్నె తీసి కౌంటరు మీద పెట్టింది. "ఆ ఉండకు వచ్చింది. బిందె ఇయ్యల్యా వాడు. పెట్టుకో, నీదే."

ఆ గిన్నె ఇప్పటికీ నా కౌంటరు మీద ఉంది. మందుతో వచ్చే డ్రాపర్లు అందులో వేస్తాను. చీటీ పట్టుకొని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది మందు గురించి కాదు. తలకు నూనె ఎప్పుడు పెడతారు, స్నానం ఏ వారం, ఊడిన జుట్టు ఏం చేస్తారు అని అడుగుతాను. మందు కణంలో ఏం చేస్తుందో పుస్తకం చెబుతుంది. అది కణం దాకా చేరాలంటే ముందు ఒక ఇంటి అలవాట్లను దాటాలి. ఆ దారి పేషెంటుకే తెలుసు, నేను అడిగితేనే చెబుతుంది. హనుమక్క కేసు నాకు నేర్పింది ఇదే.

షెడ్డింగ్ సంగతి మాత్రం ఈరమ్మ క్లినిక్‌కు వచ్చిన రోజుల్లో నేను చెప్పనక్కరలేదు. సిరిగేరి నుంచి ఆమె వెంట ఇప్పటికి చాలామంది వచ్చారు. మొన్న ఒక అమ్మాయి మందు మొదలుపెట్టి ఆరు వారాలై, దువ్వెన నిండా ఊడిన జుట్టు కవరులో పట్టుకొని ఏడుపు ముఖంతో వచ్చింది. నేను కౌంటరు దాటి వచ్చేలోపలే ఈరమ్మ కుర్చీలోంచి ఆమె చేయి పట్టుకొని కూర్చోబెట్టింది.

"ఏడవొద్దు తాయీ. మొదుటి నీళ్ళివి. చెత్త పోనీ. ఆ కవరు పారేయద్దు, గిన్నె వస్తాది."